పెద్దమ్మ గెలిచిన ఆట

మొన్న ఆఫీసు క్యాంటీన్లో నలుగురు కుర్రాళ్ళు అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వాదించుకుంటున్నారు, వీడియో గేముల్లో అన్నిటికన్నా మంచి మ్యూజిక్ దేనిదని. పక్క టేబుల్ దగ్గర తలనెరిసిన నేను పెరుగన్నం తింటూ వింటుంటే, మర్యాదకో వినోదానికో ఒకడు నావైపు తిరిగి "సార్, మీ టైంలో గేమ్స్ ఉండేవా?" అన్నాడు. నా టైం ఇంకా అయిపోలేదు నాయనా అనబోయి, తమాయించుకుని, ఒక ఆట పేరు చెప్పాను. ఎవరూ విన్నది కాదు. ఫోన్లో వెతికి, "ఇందులో ఫైట్లు వేస్ట్ అంటున్నారు సార్" అని నామీద జాలిపడ్డారు. ఫైట్లు వేస్టేనని నేనూ ఒప్పుకుంటాను. అయినా నా ఓటు దానికే. ఎందుకో చెప్పాలంటే మా పెద్దమ్మ దగ్గర మొదలుపెట్టాలి, అందుకు లంచ్ బ్రేక్ చాలదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మడివాళలో ఒక పీజీ హాస్టల్లో ఉండేవాణ్ణి. ఆ పీజీ సాంబారుకు వారానికి ఆరు రోజులు దండం పెట్టి, ఏడో రోజు అదే ఊళ్ళో చిక్కపేటలో ఉన్న పెద్దమ్మ ఇంటికి పారిపోయేవాణ్ణి. బట్టల దుకాణాల పైన రెండు గదుల ఇల్లు. మెట్లు ఎక్కుతుంటే కొత్త గుడ్డల గంజి వాసన, పైకి చేరితే చింతపండు పులుసు వాసన. పెదనాన్న వయొలిన్ వాయించేవాడు. సినిమా పాటలు రికార్డు చేసేటప్పుడు వెనకాల ఇరవైమంది వాయిస్తారే, వాళ్ళలో ఒకడు. పాట బయటికొస్తే పాడినవాళ్ళ పేరుంటుంది, బాణీ కట్టినవాళ్ళ పేరుంటుంది, ఆ ఇరవైమంది పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. పెద్దమ్మ దృష్టిలో సినిమాలు రెండే రకాలు: వయొలిన్లు ఉన్నవి, లేనివి. హీరో ఎవరైనా ఆమెకు ఒకటే. అతను మెల్లగా నడిచొస్తుంటే వెనకాల మోత మొదలయ్యేసరికి, "నడిచేదానికి ఇన్ని డప్పులెందుకప్పా, ఊరేగింపా?" అని సినిమా హాల్లో అందరికీ వినపడేట్టు అనేది. అందరూ నవ్వేవాళ్ళు, నేను సీట్లోకి జారిపోయేవాణ్ణి. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పటి సినిమాలు చూస్తుంటే ఆమే కరెక్టు అనిపిస్తుంది. హీరో అచ్చం వీడియో గేములోలా ఒక్కో అంతస్తూ కొట్టుకుంటూ ఎక్కుతున్నాడు, గేముల్లోనేమో మనుషులు పాత సినిమాల్లోలా కూర్చుని ఏడుస్తున్నారు. ఏడ్చేవాళ్ళ వెనకాలే మంచి సంగీతం ఉందని నా అభిప్రాయం.

పెదనాన్న పోవడానికి కొన్ని నెలల ముందు ఒక రికార్డింగు నుంచి మహా హుషారుగా వచ్చాడట. సినిమాకు కాదు, ఏదో ఆటకు. వాయించిన ప్రతివాళ్ళ దగ్గరా పేరు రాసుకున్నారట, ఆట చివర అవన్నీ తెరమీద వేస్తారట. ఆ ఆట విడుదలయ్యేలోపే ఆయన వెళ్ళిపోయాడు. సంవత్సరీకం అయ్యాక ఒక ఆదివారం పెద్దమ్మ నాకు వడ్డిస్తూ, "నీ దగ్గర ఆ ఆటల పెట్టె ఉండాదంటనే. దాన్ని ఇక్కడ పెట్టు. ఆయన పేరు చూడాల" అంది. ఇంతేనా, ఎవరో ఒకరు చివరి భాగం నెట్లో పెట్టే ఉంటారు, ఇప్పుడే ఫోన్లో చూపిస్తానన్నాను. ఆమె గరిటె ఆపి నావైపు చూసింది. "నలభై ఏండ్లు వాయిస్తే ఒక్కసారి పేరు వేసినారు. దాన్ని దొంగతనంగా తొంగి చూసేదా? ఆడి, గెలిచి, చూద్దాం."

అలా మొదలైంది. కొట్లాటలు నావి, నడకలు ఆమెవి అని పంచుకున్నాం. నాకేమో తొందర, మాటలొస్తే మాటలు దాటించేవాణ్ణి, కథొస్తే కథ దాటించేవాణ్ణి. ఆమె చేతికిచ్చానంటే ఆట ముందుకు కదిలేది కాదు. అందులో ఒక పాత గానుగ ఉంది. దాని దగ్గరికి పోతే వయొలిన్లు వినపడతాయి. పెద్దమ్మ అక్కడ నిలబడిపోయేది. పక్కనుంచి తోడేలు వచ్చి కరుస్తున్నా కదిలేది కాదు. "సినిమాలో పాట మనకోసం నిలబడదు. ఇదయితే మనం ఉండేదాకా ఉంటాది" అనేది. వీడియో గేముల మీద నేను చదివిన వ్యాసాలన్నీ కలిపినా ఇంత మంచి మాట కనపడలేదు.

ఆరేడు నెలల ఆదివారాలు గడిచాక చివరి ఇనుప రాక్షసుణ్ణి చంపాను. తెర నల్లబడింది. సంగీతం మొదలైంది, మొదటి పేరు కిందనుంచి పైకి వస్తోంది. నా బొటనవేలు, ఏళ్ళ తరబడి అలవాటైన పాడు వేలు, నన్నడక్కుండానే మీట నొక్కేసింది. పేర్లన్నీ మాయమై ఆట మొదటి బొమ్మ వచ్చి నిలబడింది. పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుని అప్పుడే పెట్టుకుంటోంది. "అయిపాయనా?" అంది. నేను చేసిన పని చెప్పాను. అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కళ్ళజోడు సర్దుకుని, "ఆ రాక్షసుడు మళ్ళా ఉండాడా?" అంది. ఉన్నాడన్నాను, ఆ ఒక్క కొట్లాట మళ్ళీ గెలిస్తే చాలన్నాను. "అయితే ఈసారి నువ్వు చెయ్యి పెట్టొద్దు."

పూలు కట్టే వేళ్ళతో పెద్దమ్మ యుద్ధానికి దిగింది. మొదటి ఆదివారం పద్నాలుగుసార్లు చచ్చింది. రెండో ఆదివారం నన్ను వంటింట్లోకి తరిమింది. మూడో ఆదివారం నేను వచ్చి కూర్చునేసరికి ఆమె కళ్ళు దాదాపు మూసుకుని ఆడుతోంది. సరిగ్గా దెబ్బ పడేముందు ప్రతిసారీ పక్కకు తప్పుకుంటోంది. ఎలాగని నోరు తెరిచాను. "వయొలిన్లు నిలిచిపోతే వాడు గద ఎత్తుతాడు. అన్ని నెలలు ఆడితివి, వినలేదా?" అంది. వినలేదు. అందరూ వేస్టన్న ఆ ఫైటులో నేను చూస్తూ తిన్న దెబ్బలన్నీ ఆమె వింటూ తప్పించుకుంది. రాక్షసుడు కూలాడు.

నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పేర్లు రావడం మొదలైంది. పెద్దమ్మ ఒక్కొక్కటీ కూడబలుక్కుని పైకి చదవసాగింది. బొమ్మలు గీసినవాళ్ళు, రంగులేసినవాళ్ళు, ఎవరెవరో. అందరివీ ఎందుకని అడిగితే, "వీండ్ల ఇండ్లల్లో ఎవురైనా చదివినారో లేదో" అంది. వయొలిన్ల వరస వచ్చింది. ఏడో ఎనిమిదో పేరు పెదనాన్నది. మా ఇళ్ళలో ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. రేషన్ కార్డు దగ్గర అడిగినా, ఆస్పత్రిలో అడిగినా ఆమె పక్కవాళ్ళ చేత చెప్పించడం నేను చూశాను. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి, మిగతా పేర్లు చదివిన గొంతుతోనే, ఇంటిపేరుతో సహా, గట్టిగా చదివింది. చదివి, కిందున్న పేరు చదవడం మొదలుపెట్టింది. నాకు మాత్రం అక్కణ్ణుంచి తెర మసకబారింది. ఆ పేరు తెరమీద నిలిచింది రెండు మూడు క్షణాలే, ఆమె నోటిదాకా రావడానికి పెళ్ళయిన నాటినుంచి నలభై రెండేళ్ళు పట్టింది.