సముద్రపు గడ్డి కొలవడం

ఊళ్లో సగం మందికి కారు నడపడం నేర్పింది ఆమే కాబట్టి అందరూ ఆమెను డ్రైవింగ్ టీచరమ్మ అనేవారు. పక్క సీట్లో కూర్చుని రోజంతా "నెమ్మది, నెమ్మది" అనడం ఆమె ఉద్యోగం. సెలవు రోజున మాత్రం వీపుకు గాలి సిలిండరు తగిలించుకుని సముద్రంలో దిగేది. నీళ్ల కింద ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. అదే ఆమెకు హాయి. ఈత రాని భర్త ఒడ్డున పేపరు చదువుకునేవాడు.

ఒక ఏడాది వాళ్ల డైవింగ్ క్లబ్బుకు ఓ యువ పరిశోధకురాలు వచ్చింది. తీరంలో సముద్రపు గడ్డి పలచబడుతోందనీ, ఎక్కడెంత ఉందో చూసి రాసేవాళ్లు కావాలనీ, పని తానే నేర్పుతాననీ చెప్పింది. ఇన్నేళ్లుగా చూస్తున్నదే కదా అనుకుని టీచరమ్మ చేరిపోయింది.

సముద్రపు అడుగున కొలత టేపు పరచి, దాని పక్కన చదరపు చట్రం పెట్టి, అందులో గడ్డి ఎంత మేర ఉందో నీళ్లలో రాసే ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో రాయాలి. పలక మీద చూపు నిలిపేసరికి టీచరమ్మ కాళ్లు కిందికి జారి, ఇసుక లేచింది. ఆమెకు జతగా దిగిన ఊరి పోస్ట్‌మన్‌కు చట్రం కాదు కదా, తన చెయ్యే కనిపించలేదు.

"టీచరమ్మా, కింద కూడా హారన్ ఉంటే బాగుండేది," అన్నాడాయన పైకొచ్చాక. ఆమె నవ్వింది గానీ, లోపల తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత కొన్ని వారాలు సాయంత్రాలు ఈతకొలనుకు వెళ్లింది. అడుగుకు జానెడు ఎత్తులో కదలకుండా తేలుతూ రాయడం నేర్చుకుంది. ఊపిరి పీలిస్తే పైకి, వదిలితే కిందికి. ఆ రెంటి మధ్య నిలవడం మెల్లగా పట్టుబడింది.

మళ్లీ సముద్రంలో దిగినప్పుడు ఇసుక లేవలేదు. కానీ ఒకే చోట ఇద్దరూ రాసిన అంకెలు కలవలేదు.

"అక్కా, ఇక్కడ మీరు సగం గడ్డి అని రాశారు. ఆయనేమో అసలు లేదంటున్నారు," అంది పరిశోధకురాలు, పడవలో పక్కన కూర్చుంటూ. "మీకు కనిపించిందా?"

టీచరమ్మ తన పలక చూసుకుంది. "అక్కడెప్పుడూ మోకాలెత్తు గడ్డేనమ్మా. నేను సముద్రపు గుర్రాన్ని మొదటిసారి చూసింది ఆ గడ్డిలోనే..." అని ఆగింది. "చూసి రాయలేదు. అలవాటుగా రాసేశాను."

"ఒకప్పుడు ఉండే ఉంటుందక్కా. మనం ఇవాళ ఉన్నదే రాద్దాం."

మళ్లీ దిగారు. ఈసారి ఆమె ఆ చోటి మీద చాలాసేపు తేలుతూ చూసింది. ఉత్త ఇసుక. పడవల లంగర్లు లాగిన చాళ్లు, తెగిపోయిన వేళ్లు. కళ్లు చెమర్చాయి. మాస్కులో తుడుచుకునే వీలు లేదు. పలక మీద సున్నా రాసి, పక్కనే చాళ్ల బొమ్మ గీసింది.

"ఇవాళ ఏం చూశావ్?" అని అడిగాడు భర్త ఇంటికొస్తూ.

"ఏమీ లేని చోటు."

"దానికా పొద్దుటినుంచీ నీళ్లలో నానావు?"

"దానికే. లేదని ఎవరో ఒకరు రాయాలి కదండీ."

ఇంటికి చేరాక ఆమె తడిసిన డైవింగ్ సూటు తీసుకెళ్లి ఆయనే తీగ మీద ఆరేశాడు.

క్లబ్బు వాళ్లంతా రాసినవి చూసి, మరుసటి ఏడాదికి రేవు అధికారులు అక్కడ లంగరు వేయడం మాన్పించి, పడవలు కట్టుకోవడానికి దూరంగా నీటిపై తేలే ఒక బోయా ఏర్పాటు చేశారు. ఆమె మళ్లీ కొలవడానికి దిగి చూస్తే చాళ్లు పూడలేదు. ఒక అంచున మాత్రం కొత్త ఆకులు నాలుగు లేచాయి. ఆమెకు పెద్ద అంకె వేయాలనే ఉంది. అయినా నూటికి ఒకటి అని రాసి, పోస్ట్‌మన్ భుజం తట్టేదాకా వాటి మీదే తేలుతూ ఉండిపోయింది.