దాటిపోయిన షీటు

జ్యోతిరాణి పెద్దపల్లిలో ఒక సర్వే ఆఫీసులో కంప్యూటర్‌లో ఆటోక్యాడ్ మీద ప్లాన్లు గీసేది. తండ్రి సారయ్య బొగ్గు గనిలో పనిచేసి, మోకాళ్లు అరిగాక పని మానేసినవాడు. పాలిటెక్నిక్ చదివిన కూతురు ఫ్యాను కింద కూర్చుని గీతలు గీసి బతుకుతోందని ఆయనకు గర్వం. ఆ గీతలు దేనివో మాత్రం ఎన్నడూ అడగలేదు.

నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని పెంచుతుంటే అందులో కలిసిపోయే ఒక ఊరి పని ఆ ఆఫీసుకు వచ్చింది. అది ఆమె మేనత్త సమ్మవ్వ ఊరు. పరిహారం లెక్క కోసం సర్వే వాళ్లు ఇళ్లు కొలిచి తెస్తే ఆమె ప్లాన్లు గీయాలి. డ్రాయింగు ఒక్కటే, అందులో ఇంటికో లేఅవుట్ షీటు. తెర అడుగున ఇంటి నంబర్లతో ట్యాబులు బారులు తీరాయి. ఊరంతా అక్కడే ఉన్నట్టు ఉండేది.

సమ్మవ్వ ఇల్లు గీస్తున్నప్పుడు ఆమె చెయ్యి ఆగింది. ఇంటి వెనక, అవతలి వాడకు తలుపు పెట్టుకుని అత్త కొడుకు సాయిచంద్ బావ వేసుకున్న వెల్డింగ్ షెడ్డు కొలతల్లో లేదు. కొలిచినవాళ్లు ముందు వాకిట్లోంచే తిరిగి వెళ్లిపోయారు. ఆ మాట ఆఫీసు యజమాని రాజేశానికి చెబితే, తెచ్చింది తెచ్చినట్టు గీయమన్నాడు, చుట్టాల ఇల్లు కనుక అసలే చెయ్యి పెట్టొద్దన్నాడు.

“గ్రామసభ పెట్టి అందరి షీట్లు తెర మీద సూపెడ్తరు. ఏదన్న రాకుంటే గక్కడ్నే లేచి చెప్పుకుంటరు తియ్యి” అన్నాడు.

ఆ ఆదివారమే ఆమె అత్త దగ్గరికి పోయింది. “నీ షీటు రాంగనే లేచి నిలబడు అత్తా. షెడ్డు రాలేదని చెప్పు. నేను గక్కడ్నే ఉంట” అని మరీ మరీ చెప్పింది.

సభంటే రాజేశానికి భయం పట్టుకుంది. అంతకుముందు వేరే ఊళ్లో ట్యాబులు తెర అంచు దాటి దాక్కుంటే, మౌసుతో వెతుక్కుంటూ పదిమందిలో నవ్వులపాలయ్యాడు. దానికి తాను దారి చూస్తానని జ్యోతిరాణి పూనుకుంది. కాలేజీలో కాస్త నేర్చిన లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో, షీట్లను ఒకదాని తర్వాత ఒకటి తెరిచే చిన్న ప్రోగ్రాం రాసింది. మొదట్లో షీట్లు వరుస తప్పి వచ్చాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే పేర్ల జాబితా ట్యాబుల వరుసలో ఉండదని తెలుసుకోవడానికి చాలా తల పట్టుకుంది. ఒక్కో ట్యాబుకు లోపల ఉండే వరుస నంబరు పట్టుకుని వాటిని సర్దాక అంతా దారిన పడింది. ఎంఎం అని కొడితే ముందుకు, వీవీ అని కొడితే వెనక్కి. ఒకసారి కొట్టాక స్పేస్ బార్ నొక్కితే చాలు, అదే ఆజ్ఞ మళ్లీ నడుస్తుంది. ఒక్కో నొక్కుకు ఒక్కో ఇల్లు. రాజేశం మురిసిపోయి అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. ఆ ఆఫీసులో ఆమె అంత సంతోషపడిన రోజు మరొకటి లేదు.

సభ బడిలో పెట్టారు. జ్యోతిరాణి స్పేస్ బార్ నొక్కుతుంటే మొదటి వాడ బాగానే నడిచింది. పేరు చదివేవారు, ఇంటివాళ్లు చూసుకునేవారు, బావి రాలేదనో గోడ తప్పు పడిందనో చెబితే రాసుకునేవారు. ఎండ ముదిరింది. వచ్చిన ఆఫీసరుకు ఇంకో ఊరు పోయేది ఉంది. ఆమె చేతివైపు చూసి, “గీ బటన్ ఒక్కటేనా?” అని అడిగి, ల్యాప్‌టాప్ తన ముందుకు లాక్కున్నాడు. పేర్లు చదవడం పోయి ఉత్త నంబర్లు మిగిలాయి. ముసలివాళ్లు కళ్లద్దాలు సర్దుకునేలోపు గోడ మీద ఇల్లు మారిపోతోంది.

వెనక ఆడవాళ్లలో కూర్చున్న సమ్మవ్వకు చదువు రాదు. తన పేరు పిలుస్తారని చూస్తోంది. జ్యోతిరాణి ఆ షీటును గుర్తుపట్టి, లేచి నోరు తెరిచేసరికి ఇంకో మూడిళ్లు దాటిపోయాయి.

“సార్, జర వెనక్కి పోవాలె.”

“ఎవరిది?”

“మా మేనత్తది సార్. వెనక షెడ్డు ఒకటి రాలే.”

ఆఫీసరు ఆమెను చూడలేదు, రాజేశాన్ని చూశాడు. చుట్టాలతోనే ప్లాన్లు గీయిస్తున్నావా అని అడిగాడు. రాజేశం మొహం పాలిపోయింది.

“నువ్వు కూసో జ్యోతి” అన్నాడు.

ఆమె కూర్చుంది. ల్యాప్‌టాప్ చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. చాచలేదు. అప్పటికి సమ్మవ్వ లేచి నిలబడింది. ఏదన్నా ఉంటే తర్వాత కాగితం మీద రాసిమ్మన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకు సభ అయిపోయింది.

సమ్మవ్వవాళ్లు కాగితం రాసిచ్చారు. ప్లాన్లు బహిరంగంగా చూపించామనీ, ఆ ఇంటి మీద అభ్యంతరం ఏదీ రాలేదనీ జవాబు వచ్చింది. ఇంటికి పరిహారం వచ్చింది, షెడ్డుకు రాలేదు. ఆఫీసరు కోపంగా ఉన్నాడని చెప్పి రాజేశం ఆమెను పని మానిపించాడు. ప్రోగ్రాం మాత్రం ఆఫీసులోనే ఉండిపోయింది. తర్వాతి ఊళ్ల సభలు ఒక్క పూటలో ముగుస్తున్నాయని ఆమె చెవిన పడింది.

ఇప్పుడు కరీంనగర్‌లో ఒక అల్యూమినియం షాపులో కిటికీలు గీస్తోంది. ఒకరోజు రాజేశం ఫోన్ చేశాడు. కొత్త ల్యాప్‌టాప్‌లో షీట్లు వరుస తప్పుతున్నాయట, ఒక్కసారి వచ్చి చూసిపొమ్మన్నాడు.

“నాకు యాది లేదు సార్” అంది. ప్రతి లైనూ యాదికుంది. వారం తిరక్కుండా అతను ఇంకెవరితోనో బాగుచేయించుకున్నాడు.

సాయిచంద్ మంథనిలో వేరేవాళ్ల షాపులో కూలికి వెల్డింగ్ చేస్తున్నాడు. మొన్న వేసవిలో జ్యోతిరాణి ధైర్యం చేసి, అత్తవాళ్లు కొత్తగా కట్టుకున్న కాలనీకి పోయింది. చెట్టు నీడ లేని చోట, అన్నీ ఒకే తీరు ఇళ్లు. సమ్మవ్వ నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. వాళ్లు మాట వినలేదత్తా, ల్యాప్‌టాప్ గుంజుకున్నరు అని ఈమె చెప్పబోయింది.

“గది నేను చూసిన బిడ్డా” అంది సమ్మవ్వ. “నీ మీద కోపం లేదు. కానీ వాడు కూసో అనంగనే కూసున్నవు. నేను నిలబడే ఉన్న.”

జ్యోతిరాణి కంచం కడిగి పెట్టి, బస్సుకు టైమైందని చెప్పి బయలుదేరింది. ఉండమని ఎవరూ అనలేదు.