కట్టు విప్పే రోజు

ఎనభయ్యో దశకం మొదట్లో ఒక శనివారం, పొద్దున ఆరుకు గూడూరులో తిరుపతి ప్యాసింజరు ఎక్కాను. చిత్తూరు చిత్రకళా ప్రదర్శనలో నేను పెట్టిన కుర్చీని తీసేస్తామని నిర్వాహకుడు ఉత్తరం రాశాడు. కాలు చీలిన పాత కుర్చీకి వెదురుబద్దలు పెట్టి, గుడ్డతో కట్టు కట్టి, గది మధ్యలో నిలబెట్టాను. చూసేవాళ్లు దాన్ని తాకవచ్చని బోర్డు కూడా రాశాను. ఇలాంటి కుర్చీయే ఒక విదేశీ పత్రికలో ఉందని, నాది నకలని ఎవరో పట్టేశారు. నిజం చెప్పాలంటే ఆ బొమ్మ నేను చూశాను. పక్కవాడి బొమ్మ చూసి గీయొద్దని పిల్లల్ని కసిరే డ్రాయింగు మాస్టరుని నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏర్పేడులో కొన్న ఇడ్లీలు సయించలేదు. తొమ్మిదిన్నరకు తిరుపతిలో దిగి చిత్తూరు బస్సు పట్టుకున్నాను. పక్క సీటులో పుత్తూరు పెద్దాయన. విరిగిన ఎముకలకు కట్లు కట్టడం ఆయన పని. ఊరుకోలేక నా గోడు వెళ్లబోసుకున్నాను. నకలు సంగతి ఆయన చెవికెక్కలేదు.

"కుర్చీకి కట్టా? సూడాల్సిందే" అన్నాడు.

పన్నెండింటికి ఇద్దరం హాలు చేరేసరికి నిర్వాహకుడు పత్రిక తెరిచి పట్టుకుని ఉన్నాడు. బొమ్మ చూసిన మాట ఒప్పేసుకున్నాను. ఇంతలో పెద్దాయన గొంతుక్కూర్చుని, కుర్చీ కాలు తడిమి, ముడి విప్పేశాడు. నిర్వాహకుడు ఆపబోతే నా బోర్డే అడ్డొచ్చింది.

"సీలింది కిందప్పా. నువ్వు పైన కట్టినావే?"

పత్రికలో పైనే ఉంది మరి! చూసి రాసినవాడు తప్పులతో సహా దొరికిపోయినట్టు దొరికిపోయాను.

ఆయన పక్క హోటలు నుంచి కోడిగుడ్లు తెప్పించి, తెల్లసొనలో గుడ్డ తడిపి, చీలిన చోట బిగించి కట్టాడు. చూడడానికి వచ్చిన ఒకావిడ తన ముంజేయి ఎక్కడ విరిగిందో చూపించింది. ఇంకొకాయన పంచె మోకాలిదాకా ఎత్తాడు. కాసేపటికి కుర్చీ చుట్టూ అందరూ తమ తమ ఎముకల కథలే. నిర్వాహకుడు పత్రిక మూసి, కుర్చీ ఉండనిద్దామని, ఇద్దరి పేర్లూ రాద్దామని అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నా పేరెందుకప్పా? మూడు వారాలు ఎవురూ కూసోవద్దని రాయి. కట్టు విప్పే దినం నేనొస్తా" అన్నాడు పెద్దాయన.

సాయంత్రం తిరుపతిలో గూడూరు బండెక్కి నాలుగు వడలు తిన్నాను. పొద్దుటి సిగ్గు కొంచెం మిగిలే ఉంది గానీ, నేను చేసిన వాటిలో ఆ కుర్చీ ఒక్కటే నాది కాకుండా పోయి బాగుపడింది. ఎదురుగా కూర్చున్న నిమ్మకాయల వ్యాపారి ఏం పనిమీద వెళ్లానని అడిగాడు. కుర్చీకి పుత్తూరు కట్టు కట్టించి వస్తున్నానన్నాను.

ఆయన నవ్వలేదు. "ఏ కాలు?" అన్నాడు.