తెల్లగుడ్డ పరీక్ష

నేను తమిళనాడులోని విరుదునగరం నుంచి కోవిల్పట్టిలోని ఒక కార్మికుల డిస్పెన్సరీకి చర్మవ్యాధుల వైద్యురాలిగా బదిలీ అయి వచ్చింది రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, తమిళుల ఆడి నెలలో, జులై చివర. దీపావళి సరుకు కోసం శివకాశి వైపు టపాకాయల ఫ్యాక్టరీలు ఊపిరి సలపకుండా పనిచేసే కాలం అది. ఊరూరా వ్యాన్లు ఆగి ఆడవాళ్లను ఎక్కించుకుపోయేవి.

ఆ నెలలోనే జక్కమ్మ వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. అల్యూమినియం పొడి కలిపిన మందును మతాబుల్లో కూరడం ఆమె పని. బుగ్గల నిండా మొటిమలు, వాటి చుట్టూ పొట్టు రేగిన ఎర్రటి చర్మం. తమిళంలో నేనేదడిగినా అవుననో కాదనో ఒక్క మాటతో తేల్చేసింది. ఓ.పీ. చీటీ మీద మొటిమల జెల్, మందు సబ్బు రాశాను. కింద తమిళంలో ‘రోజుకు రెండుసార్లు ముఖం బాగా కడుక్కోవాలి’ అని కూడా రాసి, సంతకం పెట్టి, సీలు వేశాను. మూడు వారాల తర్వాత ముఖం ఇంకా పాడై వచ్చింది. జెల్ ఘాటు పెంచి రాశాను. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నదాన్ని, ఎందుకిలా అయిందని ఒక్క ప్రశ్న వేయలేదు.

మూడోసారి ఫ్యాక్టరీ కాగితంతో వచ్చింది. అంటువ్యాధి కాదని సర్టిఫికెట్ తెస్తే తప్ప పనిలోకి రానివ్వబోమని ఫోర్‌మన్ రాశాడు. షెడ్ల భద్రతకు బాధ్యుడు ఫోర్‌మన్. అక్కడ అతని మాటకు తిరుగులేదు. మొటిమలు అంటుకునే జబ్బు కాదని అప్పటికప్పుడు సర్టిఫికెట్ రాసిచ్చాను. మర్నాడే ఆమె దాన్ని పట్టుకుని తిరిగొచ్చింది. ముఖం నున్నగా అయ్యాక రమ్మన్నాడట. ఈలోగా ఆ చోట్లో ఇంకొకరిని కూర్చోబెడితే ఈమెకు పని పోయినట్టే.

నాకు ఒళ్లు మండిపోయింది. సరే, ముందు ముఖం చూద్దామని చెంప మీద వేలు ఆనించాను. ఆమె తనలో తాను అనుకున్నట్టుగా, “మండతా ఉండాది” అంది. అది తరతరాలుగా తమిళనాట ఉంటున్న మా ఇంట్లో మాట్లాడే తెలుగే. నేనూ అందులోనే అడిగాను.

“దేంతో కడుగుతావే మొగము?”

తలెత్తి చూసింది. “మీరు మనోళ్లా డాక్టరమ్మా? బట్టల సోప్పుతోనే కడిగేది. ఇంగేమి పెట్టినా తెల్లగుడ్డ పాసు కాదు.”

ఆ తెల్లగుడ్డ సంగతి అప్పుడు బయటికొచ్చింది. పని ముగిశాక గేటు దగ్గర ఫోర్‌మన్ తెల్లగుడ్డ ఇస్తాడు. దాంతో ముఖం తుడిచి చూపించాలి. గుడ్డకు వెండిరంగు అంటితే మళ్లీ తొట్టి దగ్గరికి పొమ్మంటాడు. “నాలుగుతూర్లు, అయిదుతూర్లు రుద్దతాము. పీచు పెట్టి కూడా రుద్దతాము. ఇంటికి పొయ్యే వేను ఆడ నిలిచి ఉంటాది, అందరూ తిడతారు” అంది జక్కమ్మ.

నిప్పంటుకునే పొడి గేటు దాటకూడదన్నది మంచి నియమమే. కానీ చర్మం పైపొరలో కొంత కొవ్వు ఉంటుంది. లోపలి తడిని బయటికి పోనివ్వకుండా, మంట పుట్టించేవాటిని లోపలికి రానివ్వకుండా కాపాడేది అదే. బట్టల సబ్బు, పీచు కలిసి రోజూ దాన్ని గీకేస్తే సున్నం రాలిన గోడలా చర్మం పెచ్చులూడుతుంది, వాపెక్కుతుంది, మొటిమలు ఇంకా రేగుతాయి. అలాంటి చర్మం మీద నేను ఘాటైన జెల్ పూయించాను.

మందులన్నీ ఆపేశాను. మొదట చర్మం కోలుకోవాలి, మొటిమల సంగతి తర్వాత. ముఖానికి సబ్బు తగలకూడదు, ఉత్త నీళ్లే. పలచగా వ్యాజిలిన్. పొడి తుడవడానికి లిక్విడ్ పారఫిన్ అనే వాసన లేని నూనె రాశాను. మా ఫార్మసిస్టు సీసా ఇవ్వనన్నాడు. అది విరేచనం కానివాళ్లు తాగే మందట, ముఖానికి పూసేదని రిజిస్టరులో లేదట. వాదించే ఓపిక లేక చీటీ మీద మలబద్ధకం అని రాశాను. జక్కమ్మ అయితే, “మందు ఆపేస్తే ఎట్ల నయమవతాది?” అని నన్నే నిలదీసింది.

మేనేజరు అనుమతి తీసుకుని ఒక సాయంత్రం ఫ్యాక్టరీకి వెళ్లాను. గేటులో ఫోను పెట్టి, చెప్పులు విడిచి, ఒంట్లోని కరెంటు దిగేందుకు రాగి పలకను తాకి లోపలికి పోవాలి. ఫోర్‌మన్‌ను నాలుగు మాటలు అడిగేద్దామని ఆవేశంతో నడిచాను. నీళ్లతొట్టి పక్క గోడ మీద ఒక కాగితం అతికించి ఉంది. ‘రోజుకు రెండుసార్లు ముఖం బాగా కడుక్కోవాలి.’ చేతిరాత నాది. సంతకమూ సీలూ నావే. వైద్యం చేయించుకుంటున్నానని జక్కమ్మ చూపించిన చీటీకి జిరాక్సు తీయించి అతికించాడు.

డాక్టరు చెప్పిందే చేయిస్తున్నామని ఫోర్‌మన్ నిమ్మళంగా అన్నాడు. కడుక్కోమన్నానే గానీ తోలు ఊడదీయమన్నానా అన్నాను. తేడా ఏమిటో మీ కాగితంలో లేదు కదా అన్నాడు. గోడ మీది కాగితాన్ని నా చేత్తో నేనే చింపేశాను.

తొట్టి దగ్గర రుద్దుకోబోతున్న ఒకామెను ఆపి, నేను తెచ్చిన పారఫిన్ దూదిమీద వేసి ముఖం తుడవమన్నాను. తర్వాత నీళ్లు చల్లుకుని తెల్లగుడ్డతో అద్దుకుంది. మొదటిసారికే గుడ్డ తెల్లగా వచ్చింది. ఫోర్‌మన్ గుడ్డ వైపు కాదు, గడియారం వైపు చూశాడు. రేపటి నుంచి తొట్టి దగ్గర ఆ సీసాలు పెట్టిస్తానన్నాడు. జక్కమ్మ సర్టిఫికెట్ ముందు పెడితే పనిలోకి రావచ్చని దాని మీద సంతకం చేశాడు. ఇన్నాళ్లూ ఆడపిల్లల చెంపలు మండుతుంటే కదలని మనిషి, వ్యాన్లు త్వరగా బయల్దేరతాయనేసరికి కదిలాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

జక్కమ్మ ఆ సోమవారం పనిలోకి వెళ్లింది. నెల తర్వాత తక్కువ ఘాటున్న జెల్ రోజు విడిచి రోజు మొదలుపెట్టాను. దీపావళి నాటికి ముఖం నెమ్మదించింది. ఎడమ చెంప మీద రెండు మచ్చలు మాత్రం ఉండిపోయాయి. అవి నేను ఘాటు పెంచి రాసిన తర్వాత లేచినవి.

ముఖం కడుక్కోమని రాసేముందు, దేంతో కడుగుతారో, ఎవరికి చూపించడానికి కడుగుతారో అడగాలి. నేను రెండు చీటీలు రాశాక అడిగాను.