మూడో గోనెసంచి దగ్గర దండం

గుండెజబ్బు ఉన్నవాళ్లు దయచేసి ఈ పుట తిప్పేయండి. కరీంనగర్‌లో మా కాలేజీ ఆడపిల్లల జట్టు చేతికందిన గెలుపును ఒకే ఒక్క దండంతో ఎలా పారేసుకుందో చెప్పబోతున్నాను. ఆ దండం పెట్టిన మహాసాధ్వి పేరు సరోజన. అంటే నేనే.

ఆట పేరు బేస్‌బాల్. మన చిర్రగోనెకు, అదే బిళ్లంగోడుకు, దొరల సీమలో చదువుకొచ్చిన పెదనాన్న కొడుకు అనుకోండి. మా డ్రిల్ సారు హైదరాబాదులో శిక్షణకు వెళ్లి ఒక కర్ర, రెండు బంతులు, బోలెడంత గర్వం తెచ్చుకున్నారు. మైదానంలో నాలుగు మూలలా పత్తి కూరిన గోనెసంచులు పెట్టించారు. బంతిని కొట్టి, మూడు సంచులు తొక్కుకుంటూ చుట్టి వచ్చి, బయల్దేరిన సంచికే చేరాలి. దాని పేరు ‘ఇల్లు’. చేరితే ఒక పరుగు. సంచి మీద కాలు లేని సమయంలో అవతలివాళ్లు బంతి ఉన్న చేత్తో ముట్టుకుంటే అవుట్.

మా అవ్వకు ఇదంతా వివరిస్తే, "ఇంట్ల నుంచి ఎల్లి మల్ల ఇంటికే వచ్చుడా? గీదానికి ఉరుకుడెందుకే?" అంది.

కాలేజీ మొత్తంలో ఆడపిల్లలం పదకొండుమందిమి. ఒకరికి ఆయాసం, ఒకరికి పెళ్లి. మిగిలిన తొమ్మిదిమందిమీ జట్టుకు ఎంపికయ్యాము. ఇంత కఠినమైన ఎంపిక దేశంలో మరెక్కడా జరిగి ఉండదు.

సాయంత్రాలు మైదానం మాకు గంటసేపు ఇచ్చారు. వాలీబాల్ ఆడే మగపిల్లలకు ఆ గంట కంట్లో నలుసైంది. ప్రిన్సిపాల్ గారు తీర్పు చెప్పారు: "ఆదిలాబాద్ పిల్లల మీద గెలిస్తే గా గంట మీది. ఓడితే వాలీబాలోళ్లది. బస్, ఖతం." మా కెప్టెన్ అనసూయకు ఆ గంటే ప్రాణం. ఇంట్లో ఆరుగురు తమ్ముళ్లు. ‘అక్కా, ఆకలైతున్నది’ అన్న మాట వినబడని గంట రోజు మొత్తం మీద అదొక్కటే.

మాకూ ఆదిలాబాద్ జట్టుకూ అప్పటికి చెరో గెలుపూ అయింది. తేల్చే ఆట మా కాలేజీ ఆటల దినం నాడు పెట్టారు. పొద్దున చెంచా పందెంలో ఒక లెక్చరర్ గారు నిమ్మకాయను బొటనవేలితో అదిమిపట్టి ప్రథమ బహుమతి గెలిచారు. తాడు లాగుడులో తాడు తెగింది కనుక ఇరుపక్షాలూ గెలిచినట్టు చాటుకున్నాయి. ఇంత న్యాయంగా సాగిన రోజున మా వంతు వచ్చింది.

ఆదిలాబాద్ పిల్లలు వట్టి కాళ్లతో దిగారు. మేమేమో అడిగి తెచ్చుకున్న కాన్వాసు బూట్లతో, దొరసానుల్లా, వాళ్లను చూసి జాలిపడ్డాము. మూడో సంచికి కాపలా నిలబడ్డ వాళ్ల పిల్ల, సుమన్ అట, దాన్ని చేత్తో నొక్కి చూసి, "గిది పత్తా? మా ఊర్ల గిసొంటి పత్తిని మిల్లు గేటు కాడికి సుత రానియ్యరు" అంది.

ఆట చివరికి వచ్చేసరికి వాళ్లది ఒక పరుగు ఎక్కువ. మావాళ్లు ఇద్దరు అవుట్. ఇంకొకరు పోతే కథ ముగిసినట్టే. నేను రెండో సంచి మీద, కర్ర అనసూయ చేతిలో. నేను ఇల్లు చేరితే సమానం, నా వెనకాల అనసూయ కూడా చేరితే గెలుపు. కొట్టింది చూడండి, బంతి వెళ్లి ప్రేక్షకుల సైకిళ్ల మధ్య పడింది!

"ఉరుకు సరోజనా!"

ఉరికాను. కుక్క తరిమిన కోడిలా ఉరికాను. నా బూటు మూడో సంచి మీద పడింది. సగం సంచి మీద, సగం సుమన్ పాదం మీద.

"అవ్వో!" అందామె.

మా ఇంట్లో చేటకు కాలు తగిలినా, పలకకు తగిలినా, మనిషికి తగిలినా ముట్టి కళ్లకద్దుకోవాలి. మాటలు రాకముందే మా అవ్వ నేర్పిన విద్య. పైగా ఇది బూటు కాలు! అప్పటికే ఇంటివైపు ఐదడుగులు వేశాను. దారిలో పిట్ట కూడా లేదు. అయినా నా చేతులు వెనక్కి తిరిగాయి, నన్ను కూడా వెంట తీసుకుపోయాయి.

"తప్పయింది అక్కా, బూటు కాలు తాకింది" అంటూ, సంచి మీద కాలైనా పెట్టకుండా వంగాను.

వెనక నుంచి అనసూయ కేక: "ఏమే, ఏం పడిపోయిందే?"

"ఏం పడలే! కాలు తాకింది!"

"ఎవలకు?"

"అక్కకు!"

"ఎవలకే అక్క! గామె అవుతలి జట్టు!"

ఈలోగా ఎవరో విసిరిన బంతి సుమన్ చేతిలోకి వచ్చింది. ఆమెనూ ఒక అవ్వే పెంచింది కదా! ఒకరు వంగితే ఊరుకుంటుందా? "అయ్యో, వద్దు చెల్లె, ఏం గాలే" అని నా భుజం పట్టి లేవనెత్తింది. బంతి ఉన్న చేత్తోనే.

ఈల మోగింది. "అవుట్!" అన్నారు నిర్మల్ నుంచి వచ్చిన అంపైరు గారు.

సుమన్ లబలబలాడింది. "నేను అవుట్ జెయ్యలే సార్! లేవట్టిన, గంతే!"

"ఏ చేత్తోని?"

"గీ చేత్తోని."

"గండ్ల ఏమున్నది?"

చూసుకుంది. "బంతి."

"మరింకేంది?"

"దండం వెట్టినామెను అవుట్ జేస్తే పాపం తాకదా సార్?"

"రూలు పుస్తకంల పాపం లేదమ్మా. అవుట్ ఉన్నది."

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. నేను నిలబడి ఎనిమిదిమంది చేత మూడు చెరువుల నీళ్లు తాగించాను.

ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు, నాకే! రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన, "ఆడివిల్లంటె గట్లుండాలె" అన్నాడు. ప్రిన్సిపాల్ గారు మైకు అందుకున్నారు. "గీ తమీజ్, గీ మర్యాద చూసిన్రా? గింత తమీజ్ ఉన్న పిల్లలకు ఇంక ఆటలెందుకు?" మర్నాటి నుంచి మా గంటలో వాలీబాల్ ఎగిరింది. నాకు సత్ప్రవర్తన బహుమతిగా ఒక సబ్బుపెట్టె ఇచ్చారు.

అనసూయ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "మైదానం ఇచ్చి సబ్బుపెట్టె తెచ్చినవ్. మంచి బేరమే."

నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, మర్చిపోలేదు. నా పెళ్లిలో అత్తవారి పెద్దలకు వరసగా కాళ్లు మొక్కుతుంటే వెనక నిలబడి చెవిలో అంది: "జర చూసుకొని వంగు. ఎవలి చేతులనన్న బంతి ఉంటది."

కనుక నేను నిండు మనసుతో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీద ఎవరి కాలు తొక్కినా ముందు ఇల్లు చేరతాను. చేరాక తీరిగ్గా వెనక్కి వచ్చి, రెండు చేతులా, రెండుసార్లు మొక్కుతాను. నా బిడ్డకూ ఇదే నేర్పుతాను. నేర్పకపోతే దాని గంట కూడా ఎవరో పట్టుకుపోతారేమోనని నాకు ఒకటే దిగులు.

నేర్పడం మొదలుపెట్టాను కూడా. ఇవాళ మా మూడేళ్ల పాప ఉరుకుతూ మా అత్తమ్మ కాలు తొక్కి, ఆగి, వంగబోయింది.

"ఆగకు బిడ్డా, ఉరుకు!" అని అరిచాను.

పాప ఉరికింది. అత్తమ్మ తలెత్తి నావైపు చూసింది. ఆ చూపుకు పాప తరఫున నేనే వంగి మొక్కాను.

ప్రతిజ్ఞ రేపటి నుంచి.