సైదులు తిన్న కూర

గోపమ్మ వంటకు ఆ ఇంట్లో ఎవరూ వంక పెట్టలేదు. పెట్టేంత తీరిక కూడా ఎవరికీ లేదు. మొగుడు పర్వతాలు తెల్లారకముందే మోట కొట్టడానికి బావి దగ్గరికి పోయేవాడు. అత్త నర్సింగమ్మ కలుపుకు పోయేది. గోపమ్మ కూడా కూలికి పోయి పొద్దుగూకేవేళకు ఇల్లు చేరేది. ముగ్గురు పిల్లలతో సహా అందరూ ఒక్కచోట కూర్చునేది రాత్రి బువ్వకే. ఆ ఒక్క పూటన్నా ఒంటికి సత్తువనిచ్చేది పెట్టాలని ఆమె పట్టుదల. కూరకు కొనేది ఉప్పు ఒక్కటే, మిగతాదంతా ఇంటికొచ్చే దారిలో దొరికేదే. తొలకరి పడితే గట్ల మీది గునుగు కూర, చలికాలం జొన్నచేలో కాసే అనపకాయలు, ఎండలు ముదిరితే చింతచిగురు. కేతేపల్లి పక్కనున్న ఆ చిన్న ఊళ్లో ఏ నెల నడుస్తోందో తెలియాలంటే పంచాంగం అక్కర్లేదు, గోపమ్మ కూరకుండ మూత తీస్తే చాలు.

పోలీసు చర్య జరిగి రజాకార్ల పీడ పోయిందని ఊరు ఊపిరి పీల్చుకునే లోపే మిలిటరీ వచ్చి దొర గడీలో దిగింది. వాళ్లు వెతికేది కమ్యూనిస్టుల సంఘంలో తిరిగేవాళ్లను. పర్వతాలు తమ్ముడు సైదులు దళంలో ఉన్నాడు. తమ్ముడికి అన్నం పెట్టాడని పర్వతాలును గడీకి పట్టుకుపోయి మూడు రోజులు కొట్టారు. నెల రోజులు ఆ మనిషి బోర్లా పడుకునే ఉన్నాడు. అప్పట్నుంచి సిపాయిలు సాయంత్రాలు ఇళ్లలోకి దూరి గంపల్లో రొట్టెలు లెక్కపెట్టేవాళ్లు. ఇంట్లో మనుషులకు సరిపోయేదానికంటే ఒక్క రొట్టె ఎక్కువున్నా ఆ ఇంటి మగవాడు గడీకి నడవాల్సిందే. తెలుగు ముక్క రాని ఆ మహానుభావులకు రొట్టెల లెక్క మాత్రం బాగానే వచ్చు.

అంతవరకు చేతికొచ్చినంత పిండి పిసికిన గోపమ్మ మనిషికి రెండు చొప్పున లెక్కేసి చేయడం మొదలుపెట్టింది. అలా వండిన అన్నం తనకే సయించేది కాదు.

ఆ పుష్యమాసంలో ఒకరోజు నర్సింగమ్మ మధ్యాహ్నం దాకా కూర్చుని అనపకాయలు ఒలిచిపెట్టి, కూతురి కాన్పుకని పొరుగూరు పోయింది. పిల్లలు తండ్రితో బావి దగ్గరున్నారు. గోపమ్మ కూర దించి, అయిదుగురికి పది రొట్టెలు కాల్చి గంపలో పెట్టి గుడ్డ కప్పింది. అప్పుడే పెరటి దడి అవతల నుంచి పిలుపు వినిపించింది.

"వదినా, నేను."

సైదులు. మాసిన గడ్డం, లోపలికి పీక్కుపోయిన కళ్లు.

"రెండు దినాలాయె వదినా తినక. జరంత రొట్టె ముక్కుంటే పెట్టు."

మొగుడి వీపు మీది వాతలే గోపమ్మ కళ్ల ముందు కనబడ్డాయి.

"ఇంక పొయ్యే ముట్టియ్యలే సైదులూ. అక్క ఊరికి పో, అత్త గాడనే ఉన్నది."

సైదులు ఒకసారి గాలి పీల్చాడు. అనపగింజల కూర వాసన పెరడంతా కమ్ముకుని ఉంది. ఆ పిల్లవాణ్ణి పదేళ్ల వయసు నుంచి ఆమే పెంచింది, తన కూర వాసన వాడికి తెలియదా?

"సరే వదినా, నీళ్లన్నా ఇయ్యి," అన్నాడు. ముఖంలో కోపం లేదు. ఆమె తెచ్చిన చెంబెడు నీళ్లు ఎత్తిపట్టి తాగి, "అన్న పైలం, మంచిగ చూస్కో," అని చెప్పి వాగు వైపు నడిచాడు.

తన వాటా రెండు రొట్టెలు ఇచ్చినా లెక్క తప్పేది కాదు. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదని మనం అనుకోవచ్చు. కానీ తట్టింది. తట్టినా చేయి కదల్లేదు. ఆమెను జన్మంతా కాల్చింది ఆ ముక్కే.

అక్క ఊరి దారిలోనే, వాగు ఒడ్డున సిపాయిలు సైదులును కాల్చేశారు. శవాన్ని కూడా ఇవ్వలేదు. కబురు తెలిసి నర్సింగమ్మ గుండెలు బాదుకుంటూ ఇల్లు చేరింది. అడిగిన మొదటి మాట ఒక్కటే.

"ఇంటికి వచ్చిండానే? ఏమన్న తిన్నడా నా కొడుకు?"

"తిన్నడు అత్తా. కడుపు నిండ తినిపోయిండు."

నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో గోపమ్మకే తెలియదు. ముసలామె ఏడుపు కాస్త నెమ్మదించింది. కోడలి రెండు చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. మిలిటరీ ఊరు వదిలాక ఆ అబద్ధం ఊరంతా తిరిగింది. నాటు దగ్గర, కోత దగ్గర నర్సింగమ్మ అందరికీ చెప్పుకునేది, "నా గోపమ్మ నా కొడుకును ఆకలితోని సాగనంపలే" అని. పర్వతాలు పెళ్లాం మీద గొంతు ఎత్తడం మానేశాడు. ఆ మర్యాద పెరిగినకొద్దీ గోపమ్మ చిక్కిపోయింది. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకుందో! ముసలామె ముఖం చూసి ఎప్పటికప్పుడు మింగేసింది.

పన్నెండేళ్లు గడిచాయి. ఒక వైశాఖంలో నర్సింగమ్మ మంచం పట్టింది. సాయంత్రం గోపమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే మంచంలోంచి అడిగింది.

"బిడ్డా, ఆ పొద్దు వానికి ఏం కూరేసినవే?"

అన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. గోపమ్మ గరిటె తిప్పుతూనే, కుండలో ఉడుకుతున్నదే చెప్పేసింది.

"చింతచిగురు పప్పు అత్తా. రెండు సార్లు ఏయించుకున్నడు."

ముసలామె మెల్లగా తల తిప్పి చూసింది.

"చలికాలంల చిగురెక్కడిదే?"

గరిటె ఆగిపోయింది. గోపమ్మ లేచి వచ్చి మంచం పట్టె మీద తల పెట్టి భోరుమంది.

"పెట్టలే అత్తా. రొట్టెలు గంపలనే ఉండె. పెట్టలే."

నర్సింగమ్మ గోడ వైపు తిరిగిపోయింది. వాకిట్లో ఎడ్లను కట్టేస్తున్న పర్వతాలు దగ్గు వినిపించింది. అప్పుడు ముసలామె ఇటు తిరగకుండానే చెయ్యి చాపి కోడలి మణికట్టు పట్టుకుంది.

"నీ మొగడు అడిగితే చిగురని చెప్పకు. అనపగింజలని చెప్పు. నేనే ఒలిచిపెట్టి పోయిన గద ఆ పొద్దు."