రేంజర్ల రోజూ, మా మిలిట్రీ తాతా

మొన్న శుక్రవారం పొద్దున ప్రొద్దుటూరులో మా వీధి మిలిట్రీ తాత కన్నుమూశారు. సమాధి మట్టి ఆరకముందే ఆయన చేయని యుద్ధాన్ని ఆయన మెడలో దండలా వేశారు. వేసింది పులివెందులలో వీడియోలు తీసే ఒకతను. తన ఛానల్‌లో తాత ఫొటో పక్కన కూలిపోయిన హెలికాప్టర్ బొమ్మ పెట్టి, ‘మొగదిషు మహాయుద్ధంలో మన కడప సింహం’ అని రాశాడు. ఇది తప్పు. తెలిసి చేసిన తప్పు.

తాత సైన్యంలో లారీ డ్రైవరు. సొమాలియాలో జనం వర్గాలుగా చీలి కొట్టుకుంటున్న కాలంలో, శాంతి కోసం వెళ్లిన మన దళంతో ఆయనా వెళ్లి నీళ్ల ట్యాంకరు తోలారు. రాజధాని మొగదిషు వీధుల్లో అమెరికా సైనికులకూ అక్కడివాళ్లకూ జరిగిన, హెలికాప్టర్లు కూలిన ఆ పోరు, ఆయన ఆ దేశంలో కాలు పెట్టకముందే ముగిసిపోయింది. “నేను ఆడ కాల్చింది బీడీలేనప్పా” అని నవ్వేవారు.

తాత ఇంటి గేటు పక్కన ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా నీళ్లకుండ ఉండాల్సిందే. పొద్దున్నే కడిగి, నింపి, మూత మీద గ్లాసు బోర్లించేవారు. “దప్పికైనోన్ని ఏ వర్గమని అడగగూడదు” అనేవారు. ఆ ఒక్క మాటకు సరిపడే కరపత్రం నేనింతవరకు చదవలేదు.

కరపత్రాలంటే నాకు పిచ్చి. ఏది దొరికినా తెచ్చి, సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చుని గట్టిగా చదివి వినిపించేవాణ్ని. ఆయన చెనక్కాయలు ఒలుస్తూ తలూపేవారు. మొగదిషు గురించి అడిగితే మాత్రం అక్కడి ఎండ గురించి, ఒంటెల గురించి చెప్పి మాట దాటేసేవారు. అట్లా రెండేళ్లు గడిచాయి.

ఇంతలో ఈ వీడియో అతను బండేసుకుని దిగాడు. ఫోను స్టూలు మీద నిలబెట్టి, తాత ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తాత అంతా చెప్పేశారు! నాకు కడుపు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

“ఏంది తాతా, నాకు చెప్పనిది వానికెట్ల చెప్పినావు?” అని ఆరోజే నిలదీశాను.

“నువ్వు అడిగేటప్పుడే జవాబు జేబులో పెట్టుకోనొస్తావురా. ఆ పిల్లోడు ఏమీ తెలీకుండా వచ్చి కూసున్యాడు. ఊరికే ఇన్యాడు.”

“తెలీకపోవడం గూడా గొప్పేనా?”

“శానా గొప్ప. నీకెప్పుడొస్తాదో ఏమో!”

తాత పోయాక ఆ వీడియో మొత్తం చూశాను. తప్పులు పట్టాలనే చూశాను. మధ్యలో అతను అడుగుతాడు: ఆ యుద్ధం పేరేంది తాతా?

తాత చేతిలోని చెనక్కాయ ఒలిచి పక్కన పెడతారు. తర్వాత అంటారు: “బయటోళ్లు శానా పేర్లు పెట్టినారప్పా. రేవు కాడ టీ అమ్మే ఒకామె ఉండె. ఆమె తమ్ముడు ఆ గొడవలోనే పోయినాడు. ఆమె దాన్ని రేంజర్ల రోజు అనింది. రేంజర్లంటే ఆ అమెరికా సిపాయిలు. యుద్ధం అన్లేదు. యుద్ధమంటే రెండు పక్కలా తెలిసి దిగేది. రోజంటే, పొయ్యి మీద ఎసురుండంగా వచ్చి మీద పడేది.”

అక్కడి నుంచి తన ఊరి మాట అందుకుంటారు. “జమ్మలమడుగు పక్క మా ఊర్లో గూడా అంతే. ఇద్దరు పెద్దోళ్లు కొట్లాడుకున్యారు. మధ్యలో, బండల గనిలో పని చేస్తావుండిన మా నాయన పోయినాడు. ఊరు ఆ గొడవకు పెద్దోళ్ల పేర్లే పెట్టింది. మాయమ్మ మాత్రం సచ్చేదాకా బండల గని రోజనే అనింది. పోయినోళ్ల ఇంట్లో ఏమంటారో, అదే పేరు.”

ఆయన తండ్రి అట్లా పోయారని, రెండేళ్లు ఆ అరుగు మీద కూర్చున్న నాకు తెలియదు. అతనికి తెలుసు.

వెంటనే ఫోను చేశాను. “ఏమప్పా, నీ చెవులతో ఇనింటివి గదా, నీ చేతులతోనే పేరు మార్చినావే?”

“తప్పేలే అన్నా. రేంజర్ల రోజు అని పెడితే ఎవురు నొక్కుతారు?”

“నొక్కించుకోనీకేనా తాత నీకు చెప్పింది?”

“తాత జ్ఞాపక కూడికలో తెర కట్టి వీడియో మొత్తం ఏస్తా. జనం ముందర నా తప్పు నువ్వు చెప్పు, ఆడికాడనే పేరు మారుస్తా” అన్నాడు.

నిన్న పొద్దున్నే బిందె తీసుకుని తాత గేటు దగ్గరికి పోయాను. కుండ అప్పటికే నిండి ఉంది. బోర్లించిన గ్లాసు ఇంకా తడిగానే ఉంది. వీధి చివర అతని బండి మలుపు తిరుగుతోంది.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మా వీధి చర్చి ఆవరణలో జ్ఞాపక కూడిక. జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి, అందరూ రండి. తాత గొంతులోనే ఆ పేరు విందాం. బొమ్మ కింద పేరు మారేదాకా ఎవరూ లేవొద్దు. దప్పికైతే గేటు దగ్గర కుండ ఉంటుంది. ఆ రోజు దాన్ని నేనే నింపుతాను, తెల్లారకముందే పోయి.